రెండో వరుస కుర్చీ

సోమవారం సాయంత్రం డెమో క్లాసులో తప్పు చెప్పడం నవీన ఉద్యోగంలో ఒక భాగం. చేర్చుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోన్లు ఎత్తాలి, వచ్చినవాళ్లకు కోర్సు వివరాలు చెప్పాలి, విద్యార్థుల హోంవర్క్ దిద్దాలి అన్నారు. తప్పు చెప్పే పని మాత్రం ఆ తర్వాత దానంతటదే వచ్చి నెత్తిన కూర్చుంది.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఉంటుంది రామ్మోహనరావు గారి స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్. కింద మెట్ల దగ్గర ఆయన ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ. అందులో ఆయనకు నిండా జుట్టుంది, మీసం నల్లగా ఉంది, కళ్లజోడు లేదు. ఎండకు వెలిసినప్పుడల్లా ఫ్లెక్సీ కొత్తది వేయిస్తారు గాని ఫొటో మాత్రం మార్చరు. పైకెక్కి వచ్చినవాళ్లలో సగం మంది ఆయన్నే పట్టుకుని, సార్ ఎప్పుడొస్తారండీ అని అడుగుతుంటారు.

డెమో క్లాసు ఉచితం కాబట్టి జనానికి లోటుండదు. లోటల్లా మాటలకే. రామ్మోహనరావు గారు బోర్డు మీద వాక్యం రాసి, ఈ ఖాళీలో క్రియ ఏ రూపంలో రావాలో చెప్పండి అని వెనక్కి తిరిగేసరికి హాలంతా ఏదో ఒక పని మీద ఉంటుంది. ఒకాయన నీళ్ల సీసా మూత తీస్తుంటాడు. ఒకమ్మాయి వంగి చెప్పు పట్టీ సర్దుకుంటుంటుంది. మిగతావాళ్లంతా పెన్ను కోసం జేబులూ సంచులూ వెతుక్కుంటుంటారు. పెన్ను చేతిలో ఉన్నవాళ్లు కూడా వెతుకుతారు.

నవీన చేరిన కొత్తలో ఒక సోమవారం, ఆ మౌనం భరించలేక, ఖాళీగా ఉన్న రెండో వరుస కుర్చీలోంచి లేచి "షీ కెన్ సింగ్స్" అనేసింది. 'కెన్' పక్కన 'సింగ్' అనే రావాలని తెలుసు. కంగారులో నోరు జారింది. హాలంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక తెలిసినవాళ్లు తలోమాటా అన్నారు, తెలియనివాళ్లు ఎందుకలా అని అడిగారు, క్లాసు కాస్తా సంత అయిపోయింది. ఆ సాయంత్రం ఫీజుల కౌంటరు దగ్గర లైను మెట్ల దాకా వచ్చింది. కౌంటర్లో కూర్చునే కమలకుమారి గారు రామ్మోహనరావు గారి భార్య. ఆవిడ లోపలికెళ్లి భర్తతో ఏదో చెప్పింది. మరుసటి సోమవారం ఆయన నవీనను పిలిచి, ఆ కుర్చీలోనే కూర్చోమ్మా అన్నారు.

ఏ పని ఇచ్చినా శ్రద్ధగా చెయ్యడం నవీన గుణం. తప్పులూ శ్రద్ధగానే చేసింది. ఒక వాక్యంలో ఒకటే తప్పుండాలి. ఆ తప్పు హాల్లో సగం మందికి తెలియాలి, సగం మందికి అనుమానంగా ఉండాలి. గట్టిగా, ధీమాగా చెప్పాలి. జనమంతా సర్దుకున్నాక ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, సారీ అంటూ కూర్చోవాలి. ఎవరన్నా పలకరిస్తే ఒక వారం సిద్దిపేట నుంచి వచ్చానని చెప్పేది, ఒక వారం సూర్యాపేట అనేది. తర్వాత కోర్సులో చేరినవాళ్లు ఆమె హోంవర్క్ దిద్దుతుంటే చూసి బిత్తరపోయేవారు. రామ్మోహనరావు గారు దానికీ ఒక జవాబు తయారుగా పెట్టుకున్నారు. మన దగ్గర చేరితే నాలుగు రోజుల్లో ఇంత మార్పు వస్తుందండీ అనేవారు.

నవీన ఇదంతా ఓర్చుకోవడానికి కారణం ఒక్కటే. వచ్చే బ్యాచ్ నీదేనమ్మా, నువ్వే చెబుదువుగాని అని ఆయన మాటిచ్చారు. ఆ వచ్చే బ్యాచ్ ఎప్పుడూ వచ్చే బ్యాచ్‌గానే ఉంటూ వచ్చింది. ఈసారి మాత్రం పైసోమవారం ఉదయం కొత్త బ్యాచ్ మొదలవుతోంది. అది తనకే వస్తుందని ఆమె గట్టిగా నమ్మింది. మెట్ల దగ్గర బోర్డు మీద తన పేరు ఎంత పొడుగు పడుతుందో కూడా లెక్క చూసుకుంది.

ఆ నమ్మకంతోనే ఈ సోమవారమూ కుర్చీలో కూర్చుని, "హీ డిడ్ నాట్ వెంట్" అని ఎప్పటిలాగే నవ్వించి, బోరబండలో ఇంటికెళ్లింది. మర్నాడు పొద్దున్నే తండ్రి మొగిలయ్య టీ గ్లాసు తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. కూతురు ఇంగ్లీషు నేర్పుతుందని షాపులో ఆయన చెప్పని మనిషి లేడు. గ్లాసు వైపే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"మా సూపర్‌వైజర్ సురేందర్ నిన్న మీ క్లాసుకు వచ్చిండంట బిడ్డా. వెనకాల కూసున్నడంట. నీకు ఇంగ్లీషు ఇంకా రాదని ఫోన్ చేసి చెప్పిండు."

 అది తప్పు కాదు, నటన, జనం నోరు విప్పడానికి అలా చెప్పమంటారు అని నవీన వివరించింది. చెబుతున్నకొద్దీ తనకే అది అబద్ధంలా వినిపించింది. మొగిలయ్య తల ఊపుతూనే ఉన్నాడు.

"నా దగ్గర ఎందుకు దాస్తవ్ బిడ్డా. నేర్చుకునుడు సుత మంచి పనే. జర నిమ్మలంగ నేర్చుకో. ఫికర్ చెయ్యకు."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

ఆ పొద్దున ఇన్‌స్టిట్యూట్‌కి రాగానే తిన్నగా రామ్మోహనరావు గారి గదిలోకి వెళ్లి కొత్త బ్యాచ్ సంగతి అడిగింది. ఆయన టై సర్దుకుని, దాన్ని తారక్‌కి ఇచ్చామమ్మా అన్నారు. తారక్ కమలకుమారి గారి అక్క కొడుకు. కాకినాడ నుంచి వచ్చి వారం కాలేదు. కొన్నాళ్లు కాల్ సెంటర్లో చేసి యాస పట్టుకొచ్చాడు. వాటర్ అనాల్సి వస్తే వాడర్ అంటాడు.

"నువ్వు క్లాసు ఎలా చెబుతావమ్మా? నువ్వు తప్పులు చెప్పడం అందరూ చూశారు కదా."

"మీరు చెప్పమంటేనే కదా సార్ చెప్పింది."

"అదే నేనూ అంటున్నాను" అన్నారు రామ్మోహనరావు గారు, వాదన నెగ్గినవాడిలా.

నవీనకు ఒళ్లు మండిపోయింది. ఇక ఆ కుర్చీలో కూర్చోనని చెప్పేసింది. ఆయన ఏమీ కంగారుపడలేదు. తప్పు చెప్పడానికి తెలివేం కావాలమ్మా, ఎవరైనా చెబుతారు, మానేస్తే మానెయ్ అన్నారు. తలుపు పక్కనే కౌంటరు కాబట్టి ఆ మాట కమలకుమారి గారి చెవినా పడింది. బయటికొచ్చిన నవీన మొహం చూసి ఆవిడ ఫ్లాస్కులోంచి తన కాఫీ సగం వంచి ఇచ్చింది.

కొత్త బ్యాచ్‌కి ఇంకా జనం చాలలేదు. అందుకని గురువారం మరో డెమో పెట్టారు. రెండో వరుస కుర్చీలో తారక్ కూర్చున్నాడు. ఖరీదైన బూట్లు, చేతికి మెరిసే వాచీ. రామ్మోహనరావు గారు ప్రశ్న వెయ్యడం ఆలస్యం, లేచి చేతులు తిప్పుతూ "ఐ డిడ్ వెంట్స్ టు మార్కెట్ అండ్ బాటెడ్ వెజిటబుల్స్" అన్నాడు. తప్పులు గంపెడు. యాస మాత్రం అమెరికాది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి అతన్ని బూట్ల నుంచి తల దాకా చూసి, బాబూ నువ్వు వీళ్ల మనిషివేనా అని అడిగాడు. తారక్ మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఎవరి పెన్ను వాళ్లు వెతుక్కున్నారు. కౌంటరు వైపు ఒక్కరూ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నవీన మళ్లీ ఆయన గదిలోకి వెళ్లింది. శనివారం ఇంకో డెమో పెడితే తాను చెబుతానంది. జనం చేరితే బ్యాచ్ తనది, చేరకపోతే మళ్లీ అడగనంది.  రామ్మోహనరావు గారు చాలాసేపు పేపర్ వెయిట్ తిప్పారు. సరే, మరి కుర్చీలో ఎవరు కూర్చుంటారు అని అడిగారు. గుమ్మంలోంచి కమలకుమారి గారు జవాబిచ్చింది.

"మీరు కూర్చోండి. తెలివి అక్కర్లేని పనేగా."

నన్నెవరైనా గుర్తుపడితేనో అన్నారాయన. మిమ్మల్ని ఆ ఫ్లెక్సీ ఎదురుగా నిలబెట్టినా ఎవరూ పోల్చుకోరు అంది ఆవిడ.

శనివారం సాయంత్రం ఆయన టై విప్పి, తారక్ గళ్ల చొక్కా తొడుక్కున్నారు. ఏ తప్పు చెప్పాలమ్మా అని నవీననే అడిగారు. ఆమె తేలికైనదే ఇచ్చింది, తన మొదటి తప్పు, 'షీ కెన్ సింగ్స్'. ధీమాగా చెప్పండి, ఒకటే తప్పు, తల దించకండి అని జాగ్రత్తలు చెప్పింది. ఆయన గది తలుపేసుకున్నారు. మార్కర్లు ఏరుకుంటున్న నవీనకు లోపలి సాధన వినబడుతూనే ఉంది. షీ కెన్ సింగ్. కాసేపు ఆగి, షీ కెన్ సింగ్. చివరి 'స్' ఎంతకీ రావడం లేదు. ఇన్నేళ్లు కట్టుదిట్టంగా పెంచిన నాలుక ఇప్పుడు కాదు పొమ్మంటోంది.

హాలు నిండింది. నవీన బోర్డు ముందు నిలబడింది.  తనలో తాను ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పుకుందో ఆమెకే తెలీదు. ఇప్పుడు మొదటి మాట కూడా గుర్తు రాలేదు. షీ కెన్ అని రాసి, పక్కన ఖాళీ గీసి వెనక్కి తిరిగింది. నీళ్ల సీసాలు, చెప్పు పట్టీలు, పెన్నులు, అన్నీ వాటి వాటి పనుల్లో ఉన్నాయి. రెండో వరుస వైపు చూసి, మీరు చెప్పండి అంకుల్ అంది. అంకుల్ అన్న మాటకు ఆయన ఒకసారి ఉలిక్కిపడి లేచారు.

"షీ కెన్ సింగ్" అన్నారు. ఉచ్చారణకు వంక పెట్టడానికి లేదు.

హాలు ఇంకా బిగుసుకుపోయింది. నవీన తేరుకుని 'హీ డిడ్ నాట్' అని రాసి మరో ఖాళీ ఇచ్చింది. "గో" అన్నారాయన, పైగా దానికి కారణం కూడా చెప్పబోయి ఆగారు. ఆయన కళ్లు క్షమించమన్నట్టున్నాయి. వెనక వరుసలో ఒకతను ఇక్కడ అందరికీ అన్నీ వచ్చురా అని గొణిగి సంచి భుజానికేసుకున్నాడు. అతని వెంట ఇంకో ఇద్దరు లేచారు. చేతికొచ్చిన బ్యాచ్ మెట్లు దిగిపోతోందని నవీనకు అర్థమైంది.

ఆమె మార్కరు బల్ల మీద పెట్టేసి ముందుకొచ్చింది.

"అంకుల్, బోర్డు వదిలెయ్యండి. మీరు ఇక్కడికి ఎలా వచ్చారో ఇంగ్లీషులో చెప్పండి. భయపడకండి, తప్పయినా పర్వాలేదు."

చివరి మాట ఆయనదే. ప్రతి సోమవారం ఆమెతో అనేది అదే. వెళ్లిపోబోయినవాళ్లు కూడా ఆగి ఆయన వైపు తిరిగారు. హాల్లో ప్రతి చూపూ ఆయన మీదే ఉంది. దీనికి ఆయన తయారై రాలేదు. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. 

"ఐ... ఐ డిడ్ కేమ్ బై ఆటో అండ్ క్లైంబ్ ద స్టెప్స్."

 హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. భుజాన సంచి వేసుకున్నతను కూడా నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. కౌంటరు దగ్గర కమలకుమారి గారు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవీన ఒక్కతే నవ్వలేదు. ఆ కుర్చీ దగ్గర నిలబడినవాడికి ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలుసు.

రామ్మోహనరావు గారు కూర్చోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డారు. పక్క కుర్చీలోని ఆడమనిషి ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది. నడివయసు మనిషి, ఆకుపచ్చ యూనిఫాం మీద స్వెట్టరు వేసుకుంది.

"కూసో అన్నా. ఫికర్ పడకు. నాకైతే గంత సుత రాదు."

ఆయన్ని కూర్చోబెట్టి ఆమె లేచింది. పేరు సత్తెమ్మ అని, పంజాగుట్టలో ఒక పెద్ద ఆస్పత్రిలో వార్డు ఆయానని చెప్పింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పేషెంట్లు డాక్టర్ ఎప్పుడొస్తాడని రోజూ తననే అడుగుతారట. తాను జవాబు చెప్పినప్పుడల్లా నర్సమ్మలు మొహాలు చూసుకుని నవ్వుతారట. ఏది తప్పో మాత్రం ఒక్కరూ చెప్పరట.

"డాక్టర్ విల్ కమ్ అండ్ సీస్ యూ అంట నేను. గిండ్ల తప్పేడుంది మేడం?"

నవీనను మేడం అన్న మొదటి మనిషి సత్తెమ్మ. నవీనకు మరిచిపోయిన పాఠమంతా తిరిగొచ్చింది. బోర్డు మీద ఒక స్కూటర్ బొమ్మ గీసింది. స్కూటర్ సరిగా రాలేదు, మేకలా వచ్చింది. ముందు సీట్లో 'విల్', వెనక 'కమ్', దాని వెనక 'సీ' అని రాసింది.

"ట్రిపుల్ రైడింగ్. 'అండ్' ఉంటే వెనక ఇంకొకరు ఎక్కుతారు, ఎక్కనివ్వండి. హ్యాండిల్ మాత్రం ముందున్న 'విల్' ఒక్కడి చేతిలోనే ఉండాలి. వెనక కూర్చున్నవాళ్లు బుద్ధిగా, ఉన్నవాళ్లు ఉన్నట్టే కూర్చోవాలి. 'సీ' పోయి 'సీస్' అయిందంటే వెనకనుంచి హ్యాండిల్ మీద చెయ్యి వేసినట్టే."

డిడ్ అయినా, కెన్ అయినా ఇదే లెక్కనా అని ఎవరో అడిగారు. ఇదేనంది నవీన. చౌరస్తాలో పోలీసు పట్టుకుంటే చలానా ఎవరికి మేడం అని ఇంకొకరు అడిగారు. హాలు మళ్లీ నవ్వింది, ఈసారి నవ్వు ఎవరి మీదా కాదు. సత్తెమ్మ పెదాల మధ్యే వాక్యాన్ని రెండు మూడుసార్లు అనుకుని, డాక్టర్ విల్ కమ్ అండ్ సీ యూ అని పైకి అంది. బాగుందని తానే తల ఊపుకుంది. అంతలో ఏదో తట్టి పక్కకు తిరిగింది.

"అన్నా, నువ్వు సుత డిడ్ కేమ్ అనొద్దు. డిడ్ కమ్ అనాలె. ఆటోల కాదు, స్కూటర్ మీద వచ్చిననుకో."

రామ్మోహనరావు గారు చేతులు ఒళ్లో పెట్టుకుని, అవునమ్మా అన్నారు.

ఆ సాయంత్రం లైను మెట్ల దాకా వచ్చింది. తారక్ ఒక పక్క ఫోన్లు ఎత్తుతూ, ఒక పక్క వరుస సరిచేస్తూ హుషారుగా తిరిగాడు. క్లాసు చెప్పక్కర్లేకపోవడం అతనికి పెద్ద బరువు దిగినట్టుంది. జనం పల్చబడ్డాక నవీన గదిలోకి వెళ్లింది. రామ్మోహనరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆయన మొహం చూసి ఆమెకు జాలేసింది.

"తప్పు చాలా సహజంగా చెప్పారు సార్" అంది.

 ఔనని ఊరుకుంటే ఆయనకు సరిపోయేది. నటించానని చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు కూడా.

"చెప్పలేదమ్మా. వచ్చేసింది."

 అందరూ ఒక్కసారి ఇటు తిరిగేసరికి ఏమైందో తెలీదమ్మా అన్నారాయన. నీకూ అలాగే ఉండేదా అని అడిగారు. మొదట్లో ఉండేది సార్, ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి అంది నవీన. ఆయన కళ్లజోడు పెట్టుకుని, మార్కరు తీసుకుని బయటికెళ్లారు. మెట్ల దగ్గర బోర్డు మీద తారక్ పేరు అరచేత్తో తుడిచి, ఆ మరక మీదే నవీన అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆమె అనుకున్నదానికంటే పొడుగే పడింది.

సోమవారం పొద్దున హాలు నిండా జనం. ముందు వరుసలో సురేందర్ ఉన్నాడు. పోయిన సోమవారమే డబ్బు కట్టి ఈ బ్యాచ్‌లో చేరాడట. మార్కరు పట్టుకుని బోర్డు ముందుకొచ్చిన నవీనను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మధ్యాహ్నం టీ వేళకల్లా ఈ సంగతి సనత్‌నగర్ చేరిపోతుందని నవీనకు తెలుసు. లోపల్లోపల అదొక్కటి చాలనిపించింది.

రెండో వరుసలో సత్తెమ్మ తన పక్క కుర్చీ మీద టిఫిన్ సంచి పెట్టి ఉంచింది. ఎవరొచ్చినా అది మా అన్న సీటు అని పంపించేస్తోంది. రామ్మోహనరావు గారు టై కట్టుకుని, తన గదికి పోతూ గుమ్మంలో ఆమె కంటబడ్డారు.

"అన్నా, గిటు రా. నీ కోసమే పట్టి పెట్టిన."

ఆయన గది వైపు చూశారు. నవీన వైపు చూశారు. నవీన మార్కరు మూత తీసింది. రామ్మోహనరావు గారు టై విప్పి మడిచి ప్యాంటు జేబులో కుక్కుకుని, సంచి తీసి సత్తెమ్మకు అందించి కూర్చున్నారు.

నవీన బోర్డు మీద తేదీ వేసి, వాక్యం రాసి, ఖాళీ గీసింది. ఎవర్ని అడగాలా అని వెనక్కి తిరిగింది. సురేందర్ నీళ్ల సీసా మూత తీస్తున్నాడు. సత్తెమ్మ వంగి చెప్పు సర్దుకుంటోంది. రామ్మోహనరావు గారు చొక్కా జేబుకి తగిలించిన పెన్ను అలాగే ఉండగా, మిగతా జేబులన్నీ తడుముకుంటూ పెన్ను కోసం వెతుక్కుంటున్నారు.